మేస్త్రీ నుంచి కార్డు దాకా: ఉత్తరాంధ్రలో ఉద్యోగాల దారి



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. రాజుల గురించీ కోటల గురించీ వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉపాధి కల్పన శాఖలో 1974లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన సంగతే వ్రాయదలచాను. మన ప్రాంతపు మనిషికి పని ఎలా దొరికేది, ఎవరి ద్వారా దొరికేది, దొరికాక ఎక్కడిదాకా ఎదిగేవాడు అన్నదే ఆ సంగతి.

ఫ్యాక్టరీల చరిత్ర శంకుస్థాపన ఫలకాల మీద ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు దాకా మనిషి నడిచి వచ్చిన దారి చరిత్రను ఏ ఫలకం మీదా చెక్కరు. అది పాత ట్రంకు పెట్టెల్లో ఉన్న కార్డుల్లోనూ, సర్టిఫికెట్లలోనూ, సర్వీసు రిజిస్టర్లలోనూ ఉంటుంది. ఆ దారి గురించే ఈ నాలుగు మాటలు.

రంగం దారి

మన తాతల కాలంలో విశాఖపట్నం, గంజాం జిల్లాల రైతుకూలీకి వాన తప్పితే దిక్కు రంగమే. రంగూనును మనవాళ్ళు రంగం అనే పిలిచేవారు. "రంగం వెళ్ళొచ్చినవాడు" అంటే ఊళ్ళో ఒక గౌరవం. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో ఓడెక్కి వేలమంది బర్మా వెళ్ళి వరి కోతల్లోనూ, బియ్యం మిల్లుల్లోనూ, రంగూన్ రేవులోనూ పని చేశారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీదుగా తెలుగు కూలీలను అక్కడ "కోరంగీలు" అనేవారు.

ఈ దారికి కాపలాదారు మేస్త్రీ. ఊరికి వచ్చి మనుషులను ఏరేది అతడే, ఓడ చార్జీకి బయానా ఇచ్చేది అతడే. అక్కడ జట్టు కట్టించి పని చూపించేది, కూలి డబ్బు యజమాని దగ్గర తీసుకుని పంచేది కూడా అతడే. బయానా తీరేదాకా కూలీ అతని చేతిలో ఉండేవాడు. మేస్త్రీలందరూ చెడ్డవారని నేను అనను. సొంత ఊరివాళ్ళను కడుపులో పెట్టుకుని చూసినవారూ ఉన్నారు. కాని అతని మంచితనమే తప్ప కూలీకి వేరే ఆధారం లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస లేదు. నేర్చిన పనికి కాగితం లేదు. ఇరవై ఏళ్ళు మూటలు మోసినా ఇరవై ఒకటో ఏట మళ్ళీ మూటే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరి పాతవారు పనిలోకి రాగానే బర్మా కూలీలను తీసేశారు. దానితో రెండు వర్గాల మధ్య ఘోరమైన అల్లర్లు జరిగి ఎంతోమంది మనవాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరు పేదవాళ్ళను ఒకే కూలికి పోటీ పెట్టిన పద్ధతి ఫలితం అది. 1942లో జపాను సేనలు బర్మా ఆక్రమించినప్పుడు వేలాది కుటుంబాలు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చాయి. దారిలో పోయినవారు పోగా మిగిలినవారు ఒట్టి చేతులతో ఊళ్ళు చేరారు. రంగం దారి అక్కడితో మూసుకుపోయింది.

రెండో దారి ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లుగా, ఖలాసీలుగా మనవాళ్ళు పెద్ద సంఖ్యలో చేరారు. ఒకడు లోపల ఉంటే తమ్ముణ్ణో బావమరిదినో పిలిపించుకునేవాడు. ఇదీ పరిచయాల దారే అయినా రంగానికి, దీనికి ఒక తేడా ఉంది. రైల్వేలో జీతం కాగితం మీద ఉంటుంది, ఖలాసీకి పైన ఫిట్టరు, ఫిట్టరుకు పైన మిస్త్రీ అని మెట్లు ఉంటాయి, సంఘం ఉంటుంది. 1927 ఖరగ్‌పూర్ సమ్మెకు నాయకత్వం వహించినవారిలో మన బరంపురానికి చెందిన వి.వి. గిరిగారు ఉన్నారు. తర్వాతి కాలంలో వారు కేంద్ర కార్మిక మంత్రిగానూ, రాష్ట్రపతిగానూ పని చేశారు. ఖరగ్‌పూర్‌లో ఇవాళ్టికీ తెలుగు వాడలు ఉండడానికి కారణం ఆ వర్క్‌షాపే.

రేవు, ఓడల కర్మాగారం

1933 అక్టోబరు 7న విశాఖపట్నం కొత్త రేవులోకి మొదటి ఓడ వచ్చింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడం కోసం కట్టిన రేవు అది. పనికోసం సముద్రం దాటే మనిషికి పని తానే సముద్రం ఒడ్డుకు వచ్చింది. 1941 జూన్ 21న వాల్‌చంద్ హీరాచంద్‌గారి సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు పట్నం మీద బాంబులు వేశాయి. ఆ ఆటంకాలన్నీ దాటి 1948 మార్చి 14న "జల ఉష" అనే ఓడను జవహర్‌లాల్ నెహ్రూగారు సముద్రంలోకి విడిచారు. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు ఏర్పడింది. 1961 నాటికి అది పూర్తిగా ప్రభుత్వపరం అయింది.

ఓడ కట్టడం మూటలు మోయడం లాంటిది కాదు. ప్లేటు కోసేవాడు, వెల్డరు, ఫిట్టరు, పైపు పనివాడు, వడ్రంగి, ఎలక్ట్రీషియను, అందరూ కావాలి. అలాంటివారు అప్పటికి మన పల్లెల్లో లేరు. నేర్పి తయారు చేసుకోవలసి వచ్చింది. కమ్మరి కొడుకు వెల్డరు కావడం, జాలరి కొడుకు పైపు ఫిట్టరు కావడం అప్పుడు మొదలైంది. మన ప్రాంతంలో చేతి నైపుణ్యానికి మొదటి బడి ఓడల కర్మాగారమే అంటే అతిశయోక్తి కాదు. నౌకాదళం డాక్‌యార్డు, అక్కడి అప్రెంటిస్ స్కూలు ఆ పనిని ఇంకా పెద్దది చేశాయి.

రేవులో మాత్రం చాలాకాలం మేస్త్రీ రాజ్యమే. ఓడ వచ్చిన రోజున గేటు దగ్గర గుంపు చేరడం, మేస్త్రీ వేలు చూపినవాడు లోపలికి వెళ్ళడం, మిగిలినవాళ్ళు తిరిగి ఇంటికి పోవడం. దీన్ని మార్చడానికి 1948లో డాక్ వర్కర్ల చట్టం వచ్చింది. విశాఖపట్నానికి 1959లో ఆ చట్టం కింద పథకం తయారై డాక్ లేబర్ బోర్డు ఏర్పడింది. కూలీ పేరు రిజిస్టరులో ఎక్కింది. చేతికి కార్డు వచ్చింది. పని వంతుల ప్రకారం వచ్చింది. ఓడ రాని రోజున హాజరు వేసుకుంటే కొంత భృతి వచ్చింది. నెలకు ఇన్ని రోజుల కూలి ఖాయం అన్న హామీ వచ్చింది. మూట అదే, మనిషి అదే. కాని నిన్నటిదాకా మేస్త్రీ ముఖం చూసినవాడు ఇవాళ నోటీసు బోర్డు చూశాడు. కార్డు అనే చిన్న అట్టముక్క చేసిన పని ఇది.

మా ఆఫీసు

ఇక మా ఆఫీసు సంగతి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నిరుద్యోగుల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది 1945లో రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చే సైనికులకు, యుద్ధపు పనుల్లో ఉన్నవారికి మళ్ళీ బతుకుతెరువు చూపడానికి పుట్టింది. 1948లో అందరికీ తెరిచారు. శివరావు కమిటీ సిఫార్సుల మీద 1956 నవంబరు 1 నుంచి వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. అదే రోజున ఆంధ్రప్రదేశ్ పుట్టింది. అంటే మన రాష్ట్రానికి, మా శాఖకు పుట్టినరోజు ఒకటే!

1959లో ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలనే చట్టం వచ్చి 1960 మే 1 నుంచి అమలైంది. ప్రభుత్వ సంస్థలన్నీ, 25 మందికి తగ్గకుండా పనివారున్న ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపవలసి ఉండేది. మూడు నెలలకొకసారి ఎంతమంది పనివారున్నారో, ఎన్ని ఖాళీలున్నాయో నివేదిక పంపవలసి ఉండేది. రెండేళ్ళకొకసారి ఏ వృత్తిలో ఎంతమంది ఉన్నారో చెప్పవలసి ఉండేది. ఈ నివేదికలను కూడి జిల్లాలో ఏ పనికి మనుషులు చాలడం లేదో, ఏ పనికి ఎక్కువయ్యారో తెలుసుకునేవాళ్ళం. పట్టికలు గీసి, కార్బన్ కాపీలు తీసి పై ఆఫీసుకు పంపిన ఆ లెక్కలే ఐ.టి.ఐ.లలో ఏ ట్రేడుకు ఎన్ని సీట్లు పెంచాలో ఆలోచించడానికి ఆధారం.

విశాఖపట్నంలో మా ఎక్స్ఛేంజి ఉన్న కంచరపాలెంలోనే ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ కూడా ఉన్నాయి. ఫలితాలు వచ్చిన వారంలో మా గేటు బయట వరుస రోడ్డు దాకా ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం ఆఫీసుల్లోనూ అంతే. కుర్రవాడు తండ్రితో వచ్చి, సర్టిఫికెట్లు చూపి, ఫారం నింపితే మేము అతని విద్యార్హత, వృత్తి కోడు, తేదీ వేసి కార్డు ఇచ్చేవాళ్ళం. మూడేళ్ళకొకసారి రెన్యువల్. ఆ తేదీయే అతని సీనియారిటీ. కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం వెనుక దాచుకున్న ఇళ్ళు నాకు తెలుసు. రెన్యువల్ తేదీ దాటిపోతుందని పురిటి మంచం మీదున్న భార్యను అత్తవారింట వదిలి బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు.

మా ఆఫీసు ఉద్యోగాలు ఇచ్చేది కాదు. వరుస కాపాడేది. పదివేల మంది నిలబడ్డ చోట పది ఉద్యోగాలుంటే ఏ ఆఫీసూ అందరికీ న్యాయం చేయలేదు. పదేళ్ళు, పన్నెండేళ్ళు కాల్ లెటరు కోసం చూసి వయసు దాటిపోయినవారి ముఖాలు నాకు గుర్తున్నాయి. సిఫార్సులు రాలేదని కూడా అనను. అయినా, ఏ పెద్దమనిషీ తెలియని కుర్రవాడి పేరు ఒక తేదీ బలం మీద జాబితాలో పైకి వచ్చేది. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థికి రోస్టరు ప్రకారం అతని వంతు వచ్చేది. మేస్త్రీ కాలంలో ఇది ఊహకందని సంగతి.

ఐ.టి.ఐ., అప్రెంటిస్

వరుస ఒక్కటి ఉంటే చాలదు, చేతిలో విద్య కావాలి. 1950లో కేంద్ర ప్రభుత్వం వృత్తి పనివారల శిక్షణ పథకం మొదలుపెట్టింది. దానికింద వచ్చినవే ఐ.టి.ఐ.లు. 1956లో జాతీయ మండలి ఏర్పడి, దేశమంతటా చెల్లే సర్టిఫికెట్ ఇవ్వసాగింది. కంచరపాలెంలో ఫిట్టరు పాసైనవాడి కాగితం భిలాయిలోనూ చెల్లుతుంది, బొంబాయిలోనూ చెల్లుతుంది. పనితనానికి ఊరు దాటి విలువ రావడం అదే మొదలు.

1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. కర్మాగారాలు తమ పనివారి సంఖ్యను బట్టి ఇంతమంది కుర్రవాళ్ళను తీసుకుని, స్టయిపెండు ఇచ్చి పని నేర్పాలి. ఆఖరున అఖిల భారత పరీక్ష. చట్టంలో ఒక మెలిక ఉంది. నేర్పినంత మాత్రాన ఉద్యోగం ఇవ్వాలని లేదు. కాని 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, మిగతా విషయాలు సమానమైతే అదే సంస్థలో శిక్షణ పొందినవాడికి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది.

ఈ బడులకు సరిపడా గేట్లు కూడా అప్పుడే లేచాయి. 1957లో కాల్టెక్స్ నూనెశుద్ధి కర్మాగారం వచ్చింది. అదే తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం అయింది. 1966లో బి.హెచ్.పి.వి., 1967లో కోరమాండల్ ఎరువులు, 1977లో జింకు కర్మాగారం వచ్చాయి. ఒక్కొక్క పరిశ్రమకు ఒక్కొక్క రకం పనివాడు కావాలి. బి.హెచ్.పి.వి.కి మంచి వెల్డరు, నూనెశుద్ధికి ఆపరేటరు, ఓడలకు ప్లేటరు. ఒక చోట నేర్చినవాడు మరో చోటికి మెరుగైన జీతానికి వెళ్ళేవాడు. ఒకే వీధిలో నాలుగు ఫ్యాక్టరీల పనివాళ్ళు ఉండి, సాయంత్రం అరుగు మీద ఖాళీల సంగతులు చెప్పుకునేవారు. అదే అప్పటి ఉద్యోగ సమాచార కేంద్రం!

గుమాస్తా ఉద్యోగానికీ ఇలాంటి దారే. టైపు ఇన్‌స్టిట్యూటులో లోయరు, హయ్యరు, వీలైతే షార్టుహ్యాండు. తర్వాత ఎక్స్ఛేంజి కార్డు లేదా సర్వీసు కమిషను పరీక్ష. ఎల్.డి.సి., యు.డి.సి., ఆపైన డిపార్టుమెంటల్ టెస్టులు. అకౌంట్స్ టెస్టు పాసైన రోజున స్వీట్లు పంచినవాళ్ళం మనలో ఎందరున్నారో! 1975 రాష్ట్రపతి ఉత్తర్వులతో జిల్లా స్థాయి గుమాస్తా ఉద్యోగాల్లో 80 శాతం స్థానికులకు కేటాయించడం వల్ల శ్రీకాకుళం కుర్రవాడికి శ్రీకాకుళంలోనే కుర్చీ దొరికింది. స్థానికుడంటే ఎవరు అన్నది నాలుగేళ్ళు వరుసగా ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి తేల్చేవారు. బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్‌కు అంత విలువ వచ్చింది అందుకే. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఆఫీసు మెట్లెక్కింది కూడా ఈ టైపు మిషను దారినే.

ఉక్కు, ఆర్ కార్డు

1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా ఒక్క గొంతుతో అడిగింది. టి. అమృతరావుగారు నిరాహారదీక్ష చేశారు. తెన్నేటి విశ్వనాథంగారు ముందు నిలిచారు. నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలిచ్చారు. ఒక ఫ్యాక్టరీ కోసం ప్రాణాలెందుకు ఇచ్చారని ఇప్పటి పిల్లలు అడుగుతారు. వారు అడిగింది కొలిమి కాదు. తమ పిల్లలు రంగమూ ఖరగ్‌పూరూ వెళ్ళనవసరం లేని ఒక దారి.

1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1990లో "గోదావరి" పేరున్న మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావుగారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఫలకం మొదలైనప్పుడు పుట్టిన పిల్లవాడు ఆ రోజుకు ఇరవై ఒకటో ఏట ఐ.టి.ఐ. సర్టిఫికెట్ పట్టుకుని మా కౌంటరు ముందు నిలబడ్డాడు.

ఈ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలవారు భూములిచ్చారు. వారికి పునరావాస కార్డు ఇచ్చారు. దాన్నే జనం ఆర్ కార్డు అంటారు. ఆ కార్డు ఉన్న ఇంటి నుంచి ఒకరికి ఉద్యోగంలో అవకాశం అన్నది దాని అర్థం. వేలమంది ఆ కార్డు మీద ఉక్కు ఉద్యోగులయ్యారు. కాని కార్డు ఉన్నవారందరికీ ఉద్యోగం రాలేదు. ఏళ్ళు గడిచి కార్డు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి చేరిన ఇళ్ళున్నాయి. భూమి ఒక్క రోజులో పోయింది, దాని బదులు కార్డు మూడు తరాలు తిరిగింది. కార్డు గొప్పతనం చెప్పినవాణ్ణి కనుక ఈ సంగతి కూడా చెప్పాలి. కార్డు ఒక మాట. ఆ మాట నిలబెట్టుకున్నంతవరకే దానికి విలువ.

దారి సన్నబడిన కాలం

1991 తర్వాత మార్పు నెమ్మదిగా మొదలైంది. మా శాఖ వరకు చెప్పాలంటే, 1987లోనే సుప్రీంకోర్టు, 1959 చట్టం ఖాళీలను తెలియజేయమన్నదే తప్ప ఎక్స్ఛేంజి పంపినవారినే తీసుకోమనలేదని తేల్చింది. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు కేసులో, ఎక్స్ఛేంజి పేర్లతో పాటు పత్రికల్లో ప్రకటించి వచ్చినవారినీ చూడాలని చెప్పింది. అందరికీ అవకాశం అన్నది మంచి సూత్రమే. దానితో తేదీకి ఉన్న బలం తగ్గింది. మా కౌంటరు ముందు వరుస కూడా ఏటికేడు తగ్గింది. 2015లో కేంద్రం జాతీయ కెరియర్ సర్వీసు పోర్టల్ పెట్టింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ ఎక్స్ఛేంజి అనే మాట బదులు కెరియర్ సెంటర్ అంది. పేరు మారింది, బాగుంది. వరుస సంగతే చూడాలి.

అంతకంటే పెద్ద మార్పు కర్మాగారాల లోపల జరిగింది. 1970 కాంట్రాక్టు లేబరు చట్టం, ఎప్పుడూ ఉండే పనులకు కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. అలా నిషేధిస్తే ఆ పనివారు దానంతటదే సంస్థ ఉద్యోగులవుతారని 1996లో ఒక తీర్పు వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు పెద్ద ధర్మాసనం, అలా దానంతటదే కారని దాన్ని మార్చింది. పర్మినెంటు ఉద్యోగి రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉంచి, పని మాత్రం కాంట్రాక్టరుకు ఇవ్వడం మామూలైంది. జింకు కర్మాగారం 2002లో ప్రైవేటుపరమై, 2012లో మూతపడింది. ఉక్కు కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మాలని 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించింది. కార్మికులు ఏళ్ళ తరబడి దీక్షలు చేశారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు.

కొత్త పరిశ్రమలు రాలేదని కాదు. పరవాడలో మందుల కంపెనీలు, సింహాద్రి విద్యుత్ కేంద్రం, గంగవరం రేవు, అచ్యుతాపురంలో దుస్తుల కర్మాగారాలు వచ్చాయి. అచ్యుతాపురానికి బస్సుల్లో వచ్చే పల్లె ఆడపిల్లలను చూస్తే సంతోషంగా ఉంటుంది. వాళ్ళ అమ్మమ్మల చేతికి సొంత జీతం ఎన్నడూ రాలేదు. కాని ఎన్నాళ్ళు కుట్టినా కుట్టుమిషను మీదే ఉండిపోతారా, లైను సూపర్‌వైజరు, ఆపైన మేనేజరు దాకా మెట్లున్నాయా అన్నది అడగవలసిన ప్రశ్న. పని సరిగా నేర్పకుండా పెడితే ప్రాణాలకే ముప్పు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ప్రమాదకరమైన పరిశ్రమలో శిక్షణ అన్నది ఉద్యోగం కోసమే కాదు, రాత్రికి క్షేమంగా ఇల్లు చేరడం కోసం కూడా.

మా అన్నయ్యగారి మనవడి సంగతి చెబుతాను. ఐ.టి.ఐ. ఫిట్టరు, మంచి పనివాడు. ఏడేళ్ళుగా ఒకే కర్మాగారం గేటులోంచి వెళ్ళి వస్తున్నాడు. మిషను అదే, షిఫ్టు అదే. కాంట్రాక్టర్లు మాత్రం ముగ్గురు మారారు. మారినప్పుడల్లా కొత్త గేటు పాసు, కొత్త చేరిక తేదీ. ఏడేళ్ళ అనుభవం ఉన్నవాడు కాగితం మీద ఎప్పుడూ ఏడాది వాడే. "తాతయ్యా, మా మేస్త్రీ మంచివాడు, మళ్ళీ తీసుకుంటాడులే" అంటాడు. నేను ఉలిక్కిపడ్డాను. మా తాతగారు రంగంలో ఉన్నప్పుడు అన్నదీ సరిగ్గా ఈ మాటే అయి ఉంటుంది.

మనం చేయగలిగింది

కోర్టు తీర్పులనూ, ప్రభుత్వ విధానాలనూ మార్చడం మన సంఘం ఒక్కదాని వల్ల కాదు. కాని కాగితాల విలువ మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ విద్యను మనవలకు ఇవ్వవచ్చు.

ఒకటి. కాంట్రాక్టు ఉద్యోగమైనా నియామక పత్రం, నెలనెలా జీతం చీటీ అడిగి తీసుకోమని చెప్పండి. పాత గేటు పాసులు పారేయనివ్వకండి. అదే వాళ్ళ సర్వీసు రిజిస్టరు.

రెండు. ప్రావిడెంటు ఫండు సంఖ్య యు.ఎ.ఎన్. ఒక్కటే ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఖాతా తెరిస్తే పాతదాన్ని దానికి కలపాలి. 1995 ఉద్యోగుల పింఛను పథకంలో పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు కావాలి. ముక్కలు ముక్కలుగా ఉన్న ఏళ్ళను కలుపుకోకపోయినా, ఉద్యోగం మారినప్పుడల్లా డబ్బు తీసేసుకున్నా ఆ పదేళ్ళు నిండవు. ఆ పథకంలో 2014లో పెట్టిన కనీస పింఛను నెలకు 1000 రూపాయలు. ఎంత తక్కువో మనకు తెలుసు. అదీ లేకుండా పోకూడదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకే మన పాత పింఛను పద్ధతి వర్తించలేదు. ఇక కాంట్రాక్టు పిల్లల సంగతి చెప్పనవసరం లేదు.

మూడు. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ అంటే చిన్నచూపు వద్దు. మన ప్రాంతాన్ని నిలబెట్టినవాళ్ళు వెల్డర్లూ ఫిట్టర్లూ. ఐ.టి.ఐ. అయ్యాక ఏ కర్మాగారంలో అప్రెంటిస్ పెట్టుకుంటున్నారో కనుక్కుని, జాతీయ సర్టిఫికెట్ దాకా పూర్తి చేయించండి. మధ్యలో ఏదో చిన్న జీతానికి ఆశపడి మానేస్తే కాగితం లేని పనివాడు అవుతాడు.

నాలుగు. ఉద్యోగంలో చేరేముందు జీతం ఎంత అని మాత్రమే కాక, ఐదేళ్ళకు ఏ మెట్టు మీద ఉంటాను అని అడగమనండి. ఇది మన కాలంలో అడగనవసరం లేని ప్రశ్న. ఇప్పుడు అడగాలి.

మన సంఘానికి నా మనవి ఒకటి. నెలవారీ సమావేశం రోజున ఒక గంట మన సభ్యుల ఇళ్ళలోని యువకుల కాగితాలు చూసిపెట్టడానికి కేటాయిద్దాం. ఖజానా శాఖవారు, కార్మిక శాఖవారు, ఐ.టి.ఐ. బోధకులు, మా శాఖవారు అందరం సంఘంలో ఉన్నాం. చేతి వణుకు ఉన్నా ఫారం ఎక్కడ తప్పుగా నింపారో మన కంటికి ఇట్టే దొరుకుతుంది. మేస్త్రీ దయ లేకుండా తన వంతు తాను అడగగలగడం మన తరానికి దొరికిన పెద్ద ఆస్తి. అది మన తరంతో ఆగిపోకుండా చూసే పని మన మీద ఉంది. వచ్చే నెల సమావేశానికి మీ మనవలను వెంట తీసుకురండి. నేను నా వంతుగా పదిగంటలకే వచ్చి కూర్చుంటాను.